ఎగరని విమానానికీ వయస్సు

సైకిలు షాపువాడు "ఓవరాయిలింగ్" అంటాడు. చెడినదానిని బాగుచేయడం కాదది. చక్కగా నడుస్తున్న సైకిలునే పూర్తిగా విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించడం. అనువాదం నా వృత్తి అయినా ఈ మాటకు సరియైన తెలుగు నాకింకా దొరకలేదు. 'మరమ్మతు' అంటే అర్థం చెడుతుంది. సైనిక విమానాల విషయంలోనూ చిక్కు ఇదే: బాగా ఎగురుతున్న విమానాన్ని ఎప్పుడు నిలిపి విప్పాలి?

అందుకు లెక్కలు మూడు: ఎగిరిన గంటలు, నేలకు దిగిన పర్యాయాలు, గడచిన సంవత్సరాలు. ఏది ముందు నిండితే అప్పుడు విప్పవలసిందే. అండమాన్ నికోబార్ దీవులలో వీటికి తోడు ఉప్పుగాలి ఒకటి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోనైనా, కార్ నికోబార్‌లోనైనా, కదలక నిలిచి ఉన్న విమానం కూడా ముసలిదవుతూనే ఉంటుంది. ఉప్పుతేమ రివెట్ల చుట్టూ, రేకుల అతుకులలోనూ చేరి అల్యూమినియాన్ని లోలోపలే తినివేస్తుంది. మంచినీటితో కడగడం వల్ల పైపూత శుభ్రపడుతుందే గాని, అతుకుల సందులలోనిది విప్పితే తప్ప కనపడదు.

హవాయి దీవులలో 1988 ఏప్రిల్ 28న అలోహా సంస్థ వారి బోయింగ్ 737 పైకప్పు ఆకాశంలోనే ఊడిపోయింది. విమాన పరిచారిక ఒకామె మరణించింది. అది ఎగిరినవి 35,496 గంటలే. చేసిన ప్రయాణాలు మాత్రం 89,680! దీవి నుండి దీవికి పొట్టి ప్రయాణాలు, ప్రతి ప్రయాణంలోనూ లోపలి గాలి ఒత్తిడికి బిగుసుకొని సడలే రేకులు. గంటలు మాత్రమే చూచినవారికి ఆ విమానం అసలు వయస్సు తెలిసేది కాదు.

విప్పడం కూడా తేలిక కాదు. ఎ.ఎన్.-32 రవాణా విమానాల ఓవర్‌హాల్ కాన్పూరులోని వైమానిక దళ డిపోలో జరుగుతుంది. విమానాన్ని అంతదూరం పంపితే, అది తిరిగి వచ్చేవరకు దీవులకు ఒక రెక్క తక్కువే. రోగిని తరలించడానికీ, తప్పిపోయిన మరపడవను వెతకడానికీ అక్కడ విమానమే దిక్కు. "ఇంకొక్క నెల ఎగరనిద్దాం" అనే మాట ఎంత సహజమో, ఎంత ప్రమాదకరమో సంతకం పెట్టే అధికారికే తెలుసు.

పోనీ, లెక్క సరిగా ఉంటే భయం తీరుతుందా? 2016 జూలై 22 ఉదయం తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు 29 మందితో బయలుదేరిన ఎ.ఎన్.-32 బంగాళాఖాతంపై అదృశ్యమైంది. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఆ విమానం ఓవర్‌హాల్ పూర్తిచేసుకొని వచ్చినదే. వారి ఇళ్ళవారు ఏడున్నరేళ్ళు ఎదురుచూచారు. 2024 జనవరిలో, సుమారు 3,400 మీటర్ల లోతున శకలాల ఛాయాచిత్రాలు లభించాయి. అవి చోటు చెప్పాయి, కారణం చెప్పలేదు.