చేతిలో పెన్సిలా, లెక్కల పుస్తకమా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడే తెనాలి నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "మీ మేనల్లుడు యానిమేషన్ చదువుతాడట. హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్లు మూడేళ్లకు ఆరు లక్షలన్నారు. ఉద్యోగం గ్యారంటీ అట. ఉన్న ఎకరం తాకట్టు పెడితే సరిపోతుంది. శుక్రవారంలోగా డబ్బు కడితేనే సీటు అంటున్నారు. కట్టెయ్యమంటావా?"

కుర్రాడికి ఫోన్ ఇమ్మన్నాను. "ఒరేయ్, నీకు బొమ్మలు వెయ్యడం ఇష్టమా, లెక్కలు చెయ్యడం ఇష్టమా?" అని అడిగాను. "'బాహుబలి' లాంటివి చెయ్యాలనుంది మావయ్యా" అన్నాడు. మంచి కోరికే. కానీ నేను అడిగినదానికి జవాబు కాదు. ఆ జవాబు తెలియకుండా ఆరు లక్షలు కట్టడమంటే ఏ ఊరికి వెళ్లాలో తేల్చుకోకుండా రైలెక్కడమే.

ఎందుకంటే యానిమేషన్ వేరు, కంప్యూటర్ గ్రాఫిక్స్ వేరు. తెర మీద రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. విశ్వవిద్యాలయంలో మాత్రం మొదటిది లలితకళలు, డిజైన్ విభాగాల్లో ఉంటుంది. రెండోది కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఉంటుంది. ఒకచోట కదలికకు ప్రాణం పొయ్యడం నేర్పుతారు. మరోచోట ఆ కదలికను, దాని మీద పడే వెలుగును కంప్యూటర్ చేత లెక్క కట్టించడం నేర్పుతారు.

ఈ తేడాను తన జీవితంలోనే చూసినవాడు ఎడ్విన్ క్యాట్‌మల్. చిన్నప్పుడు డిస్నీలో యానిమేటర్ కావాలని కలలుగన్నాడు. తన గీత ఆ స్థాయికి చాలదని హైస్కూల్లోనే అనుకుని, అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ చదివాడు. 1972లో తన ఎడమ చేతికి ప్లాస్టర్ అచ్చు తీసి, దాని మీద సుమారు 350 త్రిభుజాలు, బహుభుజులు గీసి, ఆ కొలతలన్నీ కంప్యూటర్‌కు ఎక్కించాడు. తెర మీద ఆ చేతి వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. 1974లో అక్కడే పీహెచ్‌డీ పూర్తి చేశాడు. వంపు తిరిగిన వస్తువు మీద వెలుగునీడలు ఎలా పరుచుకుంటాయో లెక్క కట్టే పద్ధతులను అదే విశ్వవిద్యాలయంలో హెన్రీ గూరో, బుయ్ తువోంగ్ ఫాంగ్ అనే పరిశోధకులు కనిపెట్టారు. గ్రాఫిక్స్ తరగతుల్లో వాళ్ల పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. 2019 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ప్యాట్ హన్రహాన్‌తో పాటు క్యాట్‌మల్‌కు దక్కింది. బొమ్మలు వెయ్యలేనని వెనక్కి తగ్గినవాడు బొమ్మల ప్రపంచాన్నే మార్చేశాడు.

అయితే క్యాట్‌మల్ ఒక్కడివల్లే అది జరగలేదు. 1986లో పిక్సార్ తీసిన 'లక్సో జూనియర్' అనే చిన్న చిత్రంలో ఉన్నవి రెండు టేబుల్ ల్యాంపులు, రెండు బంతులు. ల్యాంపుకు ముఖం లేదు, నోరు లేదు. అయినా అది తల వాల్చితే చూసేవాళ్లకు జాలేస్తుంది. దర్శకుడు జాన్ లాసెటర్ కాలిఫోర్నియాలో చేతితో బొమ్మలు గీసే యానిమేషన్ చదివినవాడు. లెక్క వెలుగునిస్తే పెన్సిల్ ప్రాణమిచ్చింది.

మనవాళ్లు తీసిన 'ఈగ' (2012)లోనూ ఇదే కథ. మొదట తయారైన ఈగ రాజమౌళికి నచ్చలేదు. దాంతో మళ్లీ మొదటికొచ్చి, నిజం ఈగలను సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, అవి కాసేపు స్పృహ తప్పి ఉన్నప్పుడు దగ్గరగా ఫొటోలు తీశారు. ముఖమంతా కళ్లే ఉన్న ప్రాణి కోపాన్ని, ప్రేమను ఎలా చూపించగలదన్న ప్రశ్న వచ్చినప్పుడు దారి చూపింది పాతికేళ్లనాటి ఆ టేబుల్ ల్యాంపే. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు తెచ్చిన ఆ పనిలో సాఫ్ట్‌వేర్ ఎంత ముఖ్యమో, కళ్లు విప్పి చూడటం అంత ముఖ్యం.

కౌన్సెలర్లు చూపించే రంగుల కాగితాల్లో ఈ సంగతి ఉండదు. సాఫ్ట్‌వేర్ల పేర్లుంటాయి. ఒకప్పుడు వీధికో సంస్థ ఫ్లాష్ నేర్పింది. ఆ ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో అడోబీ స్వస్తి పలికింది. ఇప్పుడు త్రీడీ పనికి వాడే బ్లెండర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మాట చెబితే బొమ్మ గీసి ఇచ్చే ఏఐ కూడా వచ్చేసింది. మీట ఎక్కడ నొక్కాలో నేర్పే చదువుకు లక్షలు పోస్తే, ఆ మీట మారిన రోజున చదువూ పాతబడుతుంది. పాతబడనివి రెండే. ఒకటి చూసే కన్ను, రెండోది లెక్క.

కన్ను ఉన్నవాడికి దారులున్నాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. అహ్మదాబాద్ ఎన్ఐడీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది. డిగ్రీ అయ్యాక బాంబే ఐఐటీలోని ఐడీసీలో ఎండిజైన్ చెయ్యొచ్చు. వీటి ప్రవేశ పరీక్షల్లో సాఫ్ట్‌వేర్ అడగరు, బొమ్మ గియ్యమంటారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. పది సెకన్ల నడకకు 240. ఏ ఫ్రేములో మడమ ఆనుతుందో, ఏ ఫ్రేములో భుజం వాలుతుందో తెలియాలంటే మనుషులను గమనించి గీసి ఉండాలి.

లెక్క ఉన్నవాడు కంప్యూటర్ సైన్స్ చదివి గ్రాఫిక్స్ వైపు వెళ్లడం మేలు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దృశ్య సాంకేతికత కోసమే ఒక పరిశోధన కేంద్రం ఉంది. ఇంటర్ ఎంపీసీలో "ఇవి ఎందుకు పనికొస్తాయి సార్?" అని పిల్లలు విసుక్కునే మాట్రిసెస్, వెక్టర్లే ఇక్కడ కూడూ గుడ్డా. తెర మీద గుర్రం తల తిప్పిందంటే వెనకాల మాట్రిక్స్ గుణకారం జరిగినట్టు. దాని ఒంటి మీద ఎండ మెరిసిందంటే డాట్ ప్రొడక్ట్ చేసినట్టు. ఇది చదివినవాడికి సినిమా ఒక్కటే దిక్కు కాదు. ఆటలు, వైద్యంలో స్కానింగ్, ఇంజనీరింగ్ డిజైన్, అన్నిచోట్లా పని దొరుకుతుంది.

ఇంకో దిక్కు ఎందుకు ఉండాలో కూడా చెప్పాలి. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు ఆస్కార్ వచ్చేనాటికే అమెరికాలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసేసింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కుప్పకూలినప్పుడు బెంగళూరుతో సహా ఎన్నో చోట్ల వేలమంది కళాకారులు ఉన్నపళంగా రోడ్డున పడ్డారు. వాళ్లంతా పనితనం లేనివాళ్లు కారు. విదేశీ స్టూడియోల కాంట్రాక్టుల మీద బతికే పరిశ్రమ ఇది. ఇక్కడ ఉద్యోగం గ్యారంటీ అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

అందుకే ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. డిగ్రీ ఇచ్చేది ఎవరు, ఆ విశ్వవిద్యాలయం యూజీసీ జాబితాలో ఉందా? మొదటి ఏడాది డ్రాయింగ్ ఉందా, లేక మొదటి రోజే కంప్యూటర్ ముందు కూర్చోబెడతారా? పాఠం చెప్పేవాళ్లు ఏ సినిమాకు, ఏ ఆటకు పనిచేశారు? కిందటేడాది బయటికొచ్చిన పిల్లల షోరీళ్లు చూపిస్తారా? తడుముకుంటే లేచి వచ్చెయ్యండి.

మా మేనల్లుడికి వారం రోజుల పని అప్పగించాను. రోజూ తెనాలి స్టేషన్‌లో కూర్చుని ఇరవైమంది మనుషులను గియ్యాలి. రాత్రిళ్లు కంప్యూటర్లో సొంతంగా ప్రోగ్రామ్ రాసి, ఒక ఘనాన్ని గుండ్రంగా తిప్పాలి. శుక్రవారం దాటిపోయింది. సోమవారం ఆ సంస్థ నుంచే మళ్లీ ఫోన్ వచ్చిందట. అదే సీటు, యాభై వేలు తగ్గింపుతో!

ఆ మర్నాడు కుర్రాడు ఫోన్ చేశాడు. బొమ్మలు రెండో రోజుకే ఆగిపోయాయి. ఘనం మాత్రం తిరిగింది. "దాని మీద వెలుగు పడేలా చేద్దామని రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను మావయ్యా. ఒక వైపు నల్లగా వస్తోంది. ఎందుకంటావు?"

ఎందుకో నాకు తెలియదు. కానీ వాడు ఏ భవనం మెట్లెక్కాలో తెలిసిపోయింది. బావగారి ఎకరం జోలికి ఇంకా ఎవరూ వెళ్లలేదు.