గ్రాంటు ఇప్పిస్తామంటే రూపాయి కట్టకండి

"మీ ఎడ్యుకేషన్ యాప్ సెంట్రల్ గవర్నమెంట్ సీడ్ ఫండ్‌కు షార్ట్‌లిస్ట్ అయింది సార్. ఇరవై లక్షలు. సాయంత్రంలోగా ఫైలింగ్ చార్జీ కట్టేస్తే మీ పేరు ఖాయం." ఇలాంటి ఫోన్ వస్తే పెట్టేయండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఈ సంపాదకీయం చదవడం ఆపి ముందు 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటా ఉన్న నంబరు అది. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఈ ఫోన్లు దురాశపరులకే వస్తాయనుకుంటే పొరపాటు. పిల్లలకు పనికొచ్చేది తయారు చేయాలని ఉద్యోగం మానుకున్నవాళ్లకు వస్తున్నాయి. కార్పొరేట్ కాలేజీ వదిలి ఫిజిక్స్ పాఠాలకు యానిమేషన్లు చేసుకుంటున్న లెక్చరర్లు, అవనిగడ్డలో డీఎస్సీ పాఠాలను, నంద్యాలలో బ్యాంకు పరీక్షల పాఠాలను ఫోన్లోకి తేవాలని చూసే మాస్టార్లు, సర్కారు బడి పదో తరగతి లెక్కల మీద యాప్ రాస్తున్న ఇంజనీరింగ్ కుర్రాళ్లు. వీళ్ల దగ్గర పాఠం ఉంది, పెట్టుబడి లేదు. బ్యాంకుకు వెళితే తాకట్టు ఏముందని అడుగుతారు. ప్రైవేటు పెట్టుబడిదారులేమో 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన బైజూస్ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లాక ఎడ్‌టెక్ అన్న మాట వింటేనే జంకుతున్నారు. ఇక మిగిలిన ఆశ ప్రభుత్వ సొమ్ము. ఆ ఫోన్ చేసే దళారీకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

ప్రభుత్వ సొమ్ము ఉన్న మాట నిజమే. మోసం నిలబడేది ఆ నిజం మీదే. అందుకే అసలు పథకం ఏం చెబుతోందో ముందు తెలుసుకోవాలి. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌ను 2021 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లకని 945 కోట్ల రూపాయలతో మొదలుపెట్టారు. ప్రాధాన్యమిచ్చే రంగాల్లో విద్య కూడా ఉంది. నమూనా తయారీకి, పరీక్షించి చూసుకోవడానికి 20 లక్షల వరకు గ్రాంటు. ఆ తర్వాత మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల వరకు ఇస్తారు గానీ, అది గ్రాంటు కాదు. అప్పుగానో, తర్వాత వాటాగా మార్చుకునే డిబెంచర్లుగానో ఇచ్చేది. "యాభై లక్షల ఉచిత గ్రాంటు" అన్నవాడు ఆ ఒక్క మాటతోనే దొరికిపోయాడన్నమాట.

అర్హతల దగ్గరే చాలామంది ఆగిపోతారు. దరఖాస్తు చేసేనాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ కింది డీపీఐఐటీ గుర్తింపు ఉండాలి. ఒక్కరి పేరు మీద నడిచే ప్రొప్రయిటర్‌షిప్‌కు ఆ గుర్తింపు రాదు, అంటే మన ఊళ్లలోని ట్యూషన్ సెంటర్లలో ఎక్కువ భాగానికి రాదు. గుర్తింపుకు ఫీజు లేదు. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కూ ఫీజు లేదు. సీడ్ ఫండ్ దరఖాస్తూ ఉచితమే. ఢిల్లీలో ఎవరో సంతకం పెడితే డబ్బు రాలిపడే ఏర్పాటు కాదిది. దరఖాస్తు స్టార్టప్‌లకు చేయూతనిచ్చే ఇంక్యుబేటర్ సంస్థకు వెళుతుంది. అక్కడి కమిటీ ముందు మీరే కూర్చుని మీ సరుకు గురించి చెప్పుకోవాలి. ఎంపికైతే ఒప్పందం రాసుకుంటారు. గ్రాంటు కూడా ఒకేసారి కాక, అనుకున్న పని అనుకున్నట్టు జరిగితే వాయిదాల్లో కంపెనీ ఖాతాకు వస్తుంది. పథకానికి మొదట పెట్టిన గడువు నాలుగేళ్లే కాబట్టి, మీరు దరఖాస్తు చేసే రోజుకు తలుపు తెరిచి ఉందో లేదో కూడా పోర్టల్‌లోనే చూసుకోవాలి, దళారీ మాట మీద కాదు.

ఇక వల ఎలా బిగుస్తుందో చూడండి. మొదట అడిగేది చిన్న మొత్తం, రెస్టారెంట్ బిల్లంత. కట్టిన గంటలో మూడు సింహాల ముద్రతో, తప్పుల ఇంగ్లిష్‌తో ఒక "ప్రొవిజనల్ అప్రూవల్ లెటర్" వాట్సాప్‌లో వస్తుంది. ఆ ముద్రను ఇష్టం వచ్చినట్టు వాడటం 2005 నాటి చట్టం ప్రకారం నేరం. పంపేవాడికి ఆ భయం లేదు, చూసేవాడికి మాత్రం గుండె నిండిపోతుంది. తర్వాత ప్రాజెక్టు రిపోర్టుకంటూ పదింతలు. రిపోర్టు తెరిస్తే రెండో పేజీలో వేరే ఊరి పేరు, అయిదో పేజీలో కోళ్ల ఫారం లెక్కలు ఉన్నా ఆశ్చర్యపోవద్దు, ఒకే రిపోర్టును కంపెనీ పేరు మార్చి అందరికీ అమ్ముతారు కాబట్టి. ఆ తర్వాత "ఫైలు కదలడానికి" ఇంకొంత. ప్రతిసారీ కన్సల్టెన్సీ సేవల పేరుతో బిల్లు, అడుగున చిన్న అక్షరాల్లో తిరిగి ఇవ్వబడదు అన్న షరతు. రేపు మీరు పోలీసు స్టేషన్‌కు వెళితే వాడు చూపించబోయేది ఆ కాగితమే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈ పూజారికైతే అసలు గుడితోనే సంబంధం లేదు.

డబ్బు పోవడం ఒక ఎత్తు. దానికంటే పెద్ద ప్రమాదం పెన్‌డ్రైవ్ లాంటి చిన్న వస్తువులో ఉంది. కంపెనీ పెట్టేటప్పుడు డైరెక్టర్ పేరు మీద తీసుకునే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ అది. "మాటిమాటికీ మిమ్మల్ని విసిగించడం ఎందుకు సార్, మా దగ్గరే ఉంచండి" అని దాన్నీ, పాస్‌వర్డ్‌నూ తీసేసుకుంటారు. మనవాళ్లూ హమ్మయ్య అనుకుని ఇచ్చేస్తారు. చేతి సంతకానికి ఉన్నంత విలువ ఆ సంతకానికీ చట్టంలో ఉంది. దానితో మీకు తెలియకుండా కొత్త డైరెక్టర్‌ను చేర్చవచ్చు, చిరునామా మార్చవచ్చు, మీరు ఏనాడూ చూడని ప్రకటన మీద మీ పేరుతో సంతకం పెట్టవచ్చు. ఖాళీ చెక్కుల పుస్తకం మీద సంతకాలు పెట్టి దారినపోయేవాడికి ఎవరూ ఇవ్వరు కదా! టోకెన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇవాళే వెనక్కి తెచ్చుకోండి. ఇవ్వకపోతే ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేయించి కొత్తది తీసుకోండి.

తప్పుడు కాగితాల సంగతీ ఇలాంటిదే. కంపెనీకి రెండేళ్లు దాటాయా? "మీ ఆవిడ పేరు మీద కొత్తది పెడదాం" అంటారు. ఉన్న వ్యాపారాన్ని చీల్చి పెట్టిన కంపెనీ స్టార్టప్ నిర్వచనంలోకే రాదు. ఇంతకుముందు వేరే ప్రభుత్వ పథకంలో పది లక్షలు మించి తీసుకున్నారా? అర్హత పోకుండా దరఖాస్తులోని ఆ గడిలో లేదని రాసేస్తారు. పది బడులు మీ యాప్ వాడుతున్నాయని లేని లేఖలు పుట్టిస్తారు. పొరపాటున డబ్బు వచ్చిందే అనుకుందాం, రేపు లెక్కలు అడిగినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది సంతకం ఎవరిదో వాళ్లే. దళారీ పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

కన్సల్టెంట్లంతా దొంగలన్నది మా మాట కాదు. కంపెనీ రిజిస్టర్ చేసినందుకు, ఆడిట్ చేసినందుకు చార్టర్డ్ అకౌంటెంట్ ఫీజు తీసుకుంటే అది కష్టార్జితం. అలాంటివాడు చేసిన పనికి ఫీజు అడుగుతాడు గానీ గ్రాంటు వస్తుందని హామీ ఇవ్వడు, వచ్చినదాంట్లో వాటా అడగడు. అనుమానం ఉంటే వెబ్‌సైటు చిరునామా చూడండి. కేంద్ర పథకమైతే సాధారణంగా చివర డాట్ గవ్ డాట్ ఇన్ అనో, డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ అనో ఉంటుంది. జీమెయిల్ నుంచి ఏ మంత్రిత్వ శాఖా మంజూరు లేఖలు పంపదు.

ప్రభుత్వాలూ చేతులు దులిపేసుకుంటే కుదరదు. మా దగ్గర ఏజెంట్లు గానీ, దళారులు గానీ లేరని ముద్రా సంస్థ తన వెబ్‌సైట్‌లో రాసి పెట్టింది. ఆ మాత్రం హెచ్చరిక మన స్టార్టప్ కేంద్రాలైన టీ-హబ్, వీ-హబ్, రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ గుమ్మాల్లో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఎందుకు ఉండకూడదు? దరఖాస్తు తిరస్కరిస్తే కారణం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. కారణం తెలియనివాడే, "లోపల మనవాళ్లున్నారు" అనేవాడి వెంట పడతాడు. కొత్తగా కంపెనీ పెట్టిన ప్రతివారికీ ఈ పథకాలకు ఫీజు లేదన్న సంగతి ఒక ఎస్సెమ్మెస్‌గా పంపడానికి ఖజానాకు అయ్యే ఖర్చెంత?

చివరగా, "అధికారి వాటా" అని చెప్పగా డబ్బిచ్చినవాళ్లకు ఒక మాట. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం ఎనిమిదో సెక్షన్ కింద లంచం ఇచ్చినవాళ్లూ నేరస్థులే. ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. మధ్యవర్తి చేతికే ఇచ్చామన్నా తప్పించుకోలేరు. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మాత్రం చట్టం ఒక దారి ఉంచింది. ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేయాలి. తెలంగాణలో ఏసీబీ నంబరు 1064. మీరు డబ్బిచ్చి ఇవాళ్టికి ఎన్ని రోజులైందో లెక్క చూసుకోండి.