రెండవ బ్యాటరీ ఎందుకు నిండదు?

మన సంస్థలో క్షేత్రపర్యటనలకు వెళ్ళే కొన్ని జీపులలో రెండేసి బ్యాటరీలు ఉండడం పాఠకులు గమనించే ఉంటారు. మొదటిది బోనెట్ క్రింద ఉండి ఇంజనును స్టార్టు చేస్తుంది. రెండవది వెనుకభాగాన పెట్టెలో ఉండి వైర్‌లెస్ సెట్టుకు, సర్వే పరికరాలకు, రాత్రివేళ దీపాలకు విద్యుత్తును అందిస్తుంది. తెల్లవార్లూ దీపం వెలిగినా ఉదయం సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకోవలెనన్నదే ఈ ఏర్పాటులోని ఆంతర్యం. ఈ మారు ఆ రెండవ బ్యాటరీ గురించి, దానితోపాటు నేను చేసిన ఒక పొరపాటు గురించి ముచ్చటిస్తాను.

2017 వర్షాకాలం మొదలుకొని మా కోల్‌కతా కార్యాలయపు జీపు ఒకటి, నాలుగు చక్రాలకూ చోదకశక్తి అందేది, పురూలియా వైపు తరచుగా వెళ్ళివస్తూ ఉండేది. రెండవ బ్యాటరీ రాత్రి పది గంటలకే చతికిలబడుతున్నదని దాని డ్రైవరు ప్రతి పర్యటన తరువాతా లాగ్ బుక్కులో వ్రాసేవారు. వర్క్‌షాపువారు ఆ బ్యాటరీని విప్పి, రాత్రంతా ఛార్జరుపై ఉంచి, మరునాడు తిరిగి బిగించి, ఇంజను నడుపుతూ మీటరు పెట్టి చూసేవారు. 14.1 వోల్టులు చూపేది. ‘ఛార్జింగ్ సక్రమం’ అని వ్రాసి పంపేవారు. పదకొండు నెలలలో రెండు బ్యాటరీలు మార్చవలసివచ్చినది. మూడవదానికి ఇండెంటు రాగానే, ఇంజను ఆపి ఫ్యాను, దీపాలు ఇష్టానుసారం వాడుతున్నారని డ్రైవరుకు మెమో ఇచ్చి, బ్యాటరీ ధరలో సగం ఆయన జీతం నుండి వాయిదాలపై రాబట్టవలెనని ఫైలు కదిలినది. సాంకేతికాభిప్రాయం కొరకు నా బల్ల మీదికి వచ్చినది. 14.1 అన్న అంకెను చూసి సంతకం చేశాను. బండిని చూడలేదు.

మొదటి వాయిదా కోత పడిన తరువాత ఆయన నా గదికి వచ్చారు. కోపం లేదు. “సార్, బండి పర్యటన నుండి వచ్చిన పూటే చూడండి. మీవాళ్ళు చూసేదెప్పుడూ కడుపు నిండిన బ్యాటరీనే” అన్నారు.

ఆ మాటలో ఉన్నది మనమందరమూ పాఠశాలలోనే చదువుకున్న ఓమ్ సూత్రం. నిండిన బ్యాటరీ ఆల్టర్నేటర్ నుండి ఒకటి రెండు ఆంపియర్లకు మించి తీసుకోదు. ఆ కొద్దిపాటి ప్రవాహానికి దారిలోని అడ్డంకి ఏదీ అడ్డంకిగా కనిపించదు కనుక వోల్టేజి చెక్కుచెదరకుండా చేరుతుంది. ఖాళీ అయిన బ్యాటరీ అయితే పాతిక ముప్పై ఆంపియర్లు కోరుతుంది. కుళాయి కట్టి ఉన్నంతసేపు గొట్టంలో పూడిక ఉన్నదీ లేనిదీ ఒత్తిడి కొలిచే సాధనానికి తెలియదు కదా! కుళాయి విప్పినప్పుడు చూడవలెను.

ఆ ఆదివారం ఆయనను, జీపును పిలిపించాను. దీపాలన్నీ వెలిగించి రెండవ బ్యాటరీని బాగా దిగనిచ్చాము. అప్పుడు ఇంజను నడిపి చూస్తే ఆల్టర్నేటర్ వద్ద 14.2 వోల్టులు, ముందు బ్యాటరీ వద్ద 14.1, రెండవదాని వద్ద 12.9! క్లాంప్ మీటరు 25 ఆంపియర్లు చూపుతున్నది. దారిలో 1.3 వోల్టులు మాయమైనాయి. ఎక్కడ? మీటరు ఒక కొనను ఆల్టర్నేటర్ ధన టెర్మినల్‌పైన, రెండవ కొనను వెనుక బ్యాటరీ ధన టెర్మినల్‌పైన ఉంచగా 0.4 వచ్చినది. కేబుల్ సుమారు ఐదు మీటర్లు, మందం 6 చదరపు మిల్లీమీటర్లు. రాగి నిరోధకతను బట్టి లెక్కవేస్తే ఆ తీగకే 0.36 వోల్టు పోతుంది. మిగిలినది రిలే, ఫ్యూజుల వంతు. సరే, తీగ సన్నమే కాని దొంగ అది కాదు. ఇక ఋణ టెర్మినల్ నుండి ఆల్టర్నేటర్ ఒంటికి కొలిస్తే 0.9.

ఎవరమూ ఋణ మార్గాన్ని చూడనేలేదు. వెనుక బ్యాటరీని అమర్చిన దుకాణంవారు ఋణ తీగను బండి నేలరేకుకు బోల్టుతో బిగించారు. రంగు గీకలేదు. ఆ పైన మన నగరపు వానలు! ఠన్‌ఠనియా వంటి చోట్ల మోకాలిలోతు నీటిలో వెళ్ళని బండి ఇక్కడ ఏది? లగ్గు క్రింద తుప్పు పొరలు కట్టినది. బోల్టును తాకితే చేయి చురుక్కుమన్నది. 0.9 వోల్టును 25 ఆంపియర్లతో గుణిస్తే ఇరవై రెండు వాట్లకు పైగా వేడి అక్కడే పుడుతున్నది మరి. భాగిస్తే ఆ అతుకు నిరోధం 0.036 ఓములు. మామూలు మల్టీమీటరును ఓములపై పెట్టి ఇంత చిన్న విలువను పట్టుకోలేము, దాని తీగల నిరోధమే అంతకు ఎన్నో రెట్లు. ప్రవాహం నడుస్తూ ఉండగా వోల్టేజి నష్టాన్ని కొలవడమొక్కటే దారి.

ఒక వోల్టు తక్కువైతే మునిగిపోయేదేమిటని కొందరు అడుగుతారు. 1859లో గాస్టన్ ప్లాంటే తొలి సీసపు బ్యాటరీని నిర్మించిన నాటి నుండి దాని స్వభావం మారలేదు. ఆరు సెల్‌లకు కలిపి 14 వోల్టులకు పైన అందితేనే ఫలకలపై ఏర్పడిన సీసపు సల్ఫేటు పూర్తిగా కరుగుతుంది. సగం ఆకలితో నెలల తరబడి ఉంచితే ఆ సల్ఫేటు గట్టిపడి, ఆ తరువాత ఎంత ఛార్జి చేసినా లొంగదు. మా రెండు బ్యాటరీలు పోయినది అందువల్లనే. పైగా వేసవిలో ఇంజను గది కాగినప్పుడు అనేక రెగ్యులేటర్లు తమంతట తామే వోల్టేజిని కొంత తగ్గిస్తాయి. చలిదేశంలో చెల్లిపోయే అరవోల్టు నష్టం వైశాఖమాసపు కోల్‌కతాలో చెల్లదు. హుగ్లీ ఒడ్డున శ్యామ్‌నగర్‌లో 1940లలోనే బ్యాటరీ కర్మాగారం వెలసిన ప్రాంతమిది. ఇక్కడ పనిచేస్తూ ఈ సంగతి మరచినందుకు నాకు మరింత సిగ్గు కలిగినది.

మరమ్మతుకు ఒక పూట పట్టినది. రెండు మార్గాలకూ 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ లాగి, ఋణ తీగను నేలరేకుకు కాక నేరుగా ఇంజను బ్లాకుకు కలిపాము. ధన తీగకు రెండు కొసలా, బ్యాటరీలకు జానెడు దూరంలోపే ఫ్యూజులు పెట్టాము. రెండు వైపులా బ్యాటరీలు ఉన్న తీగ నడుమ ఒరుసుకుపోతే ఒక్క ఫ్యూజు చాలదు, బండి తగలబడుతుంది. తిరిగి దించి చూస్తే నష్టం మొత్తం 0.3 వోల్టుకు తగ్గినది.

రిలేను గురించి ఒక మాట. ముందు బ్యాటరీ సుమారు 13.3 వోల్టులకు చేరినప్పుడు కలిపి, 12.8కి దిగినప్పుడు విడదీసే రిలేలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. అది టకటకమని కొట్టుకుంటూ ఉంటే రిలేను మార్చడానికి ముందు దాని ఎర్తింగును, బెల్టు బిగువును చూడండి. భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలైన 2020 తరువాత వచ్చిన బండ్లలో కొన్నింటి సంగతి వేరు. ఇంధనం ఆదా కొరకు కంప్యూటరే ఆల్టర్నేటర్ వోల్టేజిని తగ్గిస్తూ ఉంటుంది. రిలే విడిపోతుంది, రెండవ బ్యాటరీ పస్తుంటుంది. వాటికి వోల్టేజిని పెంచి ఇచ్చే డీసీ–డీసీ ఛార్జరు అమర్చవలసినదే. తీగలు ఎంత లావుగా వేసినా ప్రయోజనం లేదు.

సోమవారం నా అభిప్రాయాన్ని ఉపసంహరించుకుంటూ కొలతలతో సహా నోట్ వ్రాశాను. కోత పడిన వాయిదా తిరిగి ఆయన చేతికి రావడానికి మూడు నెలలు పట్టినది. మెమోను రద్దు చేశారు కాని, ఫైలు నుండి కాగితం తీసే పద్ధతి లేదట. ఆయన సర్వీసు ఫైలులో అది అలాగే ఉన్నది, దాని మీద నా నోట్ కుట్టి ఉన్నది.