బైపీసీ అంటే ఒక్క ఎంబీబీఎస్సేనా? అడవి చదువు గురించి ఒక టీచర్ మాట



పేరెంట్-టీచర్ మీటింగ్ రోజున తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు బయాలజీ టేబుల్ దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "మా పాపకు బయాలజీలో మార్కులు బాగానే వస్తున్నాయి కదా మేడమ్, నీట్‌కు పనికొస్తుందంటారా?" అడగడంలో తప్పేమీ లేదు. బిడ్డ డాక్టర్ కావాలనుకోవడం మంచి కోరికే. నా బాధల్లా ఆ ఒక్క ప్రశ్నతోనే మాట ముగిసిపోవడం గురించి.

2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైనే. దేశం మొత్తంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అంటే బైపీసీ తీసుకున్న పిల్లల్లో చాలా ఎక్కువమంది వేరే దారిలోనే వెళ్లాలి. కానీ ఆ వేరే దారి గురించి మనం ఎప్పుడు మాట్లాడుకుంటాం? ఫలితాలు వచ్చాక, ఇంట్లో అందరూ నీరుగారిపోయి ఉన్నప్పుడు. ఒకటికి రెండుసార్లు లాంగ్ టర్మ్ కోచింగ్ అయిపోయాక, "ఇక ఏది దొరికితే అది" అనుకున్నప్పుడు. అలా చేరిన పిల్లలు మంచి కోర్సును కూడా ఓడిపోయిన గుర్తులాగే చూస్తారు.

అందుకే ఈ నెల ఒక చదువు గురించి ముందే చెప్పాలనుకున్నాను. అడవుల నిర్వహణ మీద పరిశోధన చేస్తూ, దాన్ని కాలేజీలో బోధించే వృత్తి అది. కొందరు పిల్లలకు ఇది మిగిలిపోయిన దారి కాదు, మొదటి దారే కాదగ్గది.

అడవి చదువు అనగానే మనలో చాలామందికి ఖాకీ డ్రెస్సు, జీపు, రేంజర్ ఉద్యోగం గుర్తొస్తాయి. అదీ గౌరవమైన పనే. అయితే ఆ ఉద్యోగి అడవిలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తేల్చి చెప్పే శాస్త్రం ఒకటి ఉండాలి కదా. ఏ చెట్టును ఏ వయసులో కొట్టవచ్చు? తపసి చెట్టుకు ఎంత లోతున గాటు పెడితే బంక వస్తుంది, చెట్టూ బతుకుతుంది? ఊరివాళ్లు ఎంత వంటచెరకు తెచ్చుకుంటే అడవి మళ్లీ కోలుకుంటుంది? ఇలాంటి ప్రశ్నలకు ఎవరి నమ్మకం వాళ్లకు ఉంటుంది. కొలిచి చూసి జవాబు చెప్పడమే పరిశోధకుల పని.

ఒక ఉదాహరణ చెబుతాను. 1970లలో కర్ణాటకలో కాగితం మిల్లులకు ఇచ్చే వెదురు త్వరత్వరగా తరిగిపోతోందని ప్రభుత్వం కంగారు పడింది. నేరం ఊరివాళ్ల మీదికీ, వాళ్ల పశువుల మీదికీ వెళ్లింది. పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్, ఆయనతో పనిచేసినవారు అడవిలోకి వెళ్లి వెదురు పొదలను పరిశీలించారు. పొద అడుగున ముళ్ల కొమ్మలను నరికి శుభ్రం చేస్తే వెదురు బాగా పెరుగుతుందని అటవీశాఖ నమ్మకం. అలాగే చేయించేవారు కూడా. ఊరివాళ్లు మాత్రం, "ఆ ముళ్లే కదండీ పిలకలకు కంచె, అవి తీసేస్తే పశువులు తినేయవా?" అన్నారు. తీరా చూస్తే ఊరివాళ్ల మాటే నిజమైంది. మేలు చేద్దామని చేసిన పనే కొత్త పిలకలను పశువుల నోటికి అందించింది.

ఇక్కడ శాస్త్రవేత్త చేసిందేమిటో గమనించండి. పెద్ద శాఖ చెప్పిందని ఒక మాటను ఒప్పుకోలేదు. చదువులేనివారు చెప్పారని ఇంకో మాటను కొట్టిపారేయలేదు. రెండింటినీ అడవిలోకి తీసుకెళ్లి పరీక్షించారు. మన పిల్లలకు సైంటిఫిక్ టెంపర్ కావాలని స్టేజీల మీద చెప్పుకుంటాం. అది ఇదే.

ఇంకో ఉదాహరణ సీబీఎస్ఈ పదో తరగతి సైన్స్ పుస్తకంలోనే ఉండేది. మీ పెద్దబ్బాయో పెద్దమ్మాయో కొన్నేళ్ల కిందట పది పాసై ఉంటే చదివే ఉంటారు. పశ్చిమ బెంగాల్లో అరబరి అనే చోట సాల అడవి బాగా పాడైపోయింది. కాపలా పెంచితే ఊరివాళ్లతో గొడవలు పెరిగాయి తప్ప అడవి పెరగలేదు. 1972లో ఎ.కె. బెనర్జీ అనే అటవీ అధికారి పద్ధతి మార్చారు. 1,272 హెక్టార్ల అడవి కాపలాలో ఊరివాళ్లనే భాగస్వాములను చేశారు. బదులుగా వాళ్లకు పని, చివరి కోతలో 25 శాతం వాటా, నామమాత్రపు రుసుముతో వంటచెరకు, పశుగ్రాసం. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ అడవి విలువ 1983 నాటికి 12.5 కోట్ల రూపాయలని ఆ పుస్తకమే రాసింది. 1990లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యానికి మార్గదర్శకాలు ఇవ్వడం వెనుక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. ఆ దారిలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. సిలబస్ తగ్గింపులో ఆ పాఠం పుస్తకం నుంచి వెళ్లిపోయింది. పరీక్షలో రానిది పిల్లల చెవిన పడదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మరి ఈ వృత్తిలో రోజూ ఏం చేస్తారు? ఫారెస్ట్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే వారంలో కొన్ని క్లాసులు, కొన్ని ప్రాక్టికల్స్, పీజీ విద్యార్థుల పరిశోధనకు మార్గదర్శనం. సీజన్‌ను బట్టి అడవిలో క్యాంపులు. అక్కడ కొలతలకు హద్దులు వేసిన స్థలాలు ఉంటాయి. ఆ స్థలంలో ప్రతి చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు పెట్టి తీస్తారు. మళ్లీ కొన్నేళ్లకు వెళ్లి అదే చెట్టును అదే ఎత్తున కొలుస్తారు. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలు 1988లో 50 హెక్టార్ల స్థలాన్ని ఇలా గుర్తించి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ నంబరు వేసి లెక్క పెట్టడం మొదలుపెట్టారు. ఏ చెట్టు పెరిగింది, ఏది ఏనుగు విరిచింది, ఏది మంటల్లో పోయింది అన్న లెక్క ఏళ్ల తరబడి సాగింది. తిరిగొచ్చాక ఆ అంకెలన్నిటితో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. బైపీసీ తీసుకుంటే లెక్కల పీడ వదిలిందనుకునే పిల్లలకు ఒక మాట: ఇక్కడ స్టాటిస్టిక్స్ రాకుండా అడుగు పడదు.

మన నేలకు ఈ చదువుతో ఏం పని అనుకోకండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో దక్షిణ తూర్పు కనుమల్లోనే, అందులోనూ ముఖ్యంగా శేషాచలం, వెలిగొండ, పాలకొండ కొండల్లో. స్మగ్లింగ్ వార్తలు మనం రోజూ చదువుతాం. రైతు పొలంలో వేసిన ఎర్రచందనంలో చేవ ఎన్నేళ్లకు కడుతుంది, ఏ నేలలో బాగా కడుతుంది అన్నది పరిశోధకులు తేల్చాల్సిన విషయం. భద్రాచలం పేరు మీద జామాయిల్ క్లోన్లు ఉన్నాయని ఖమ్మం వైపు బంధువులున్నవారికి తెలిసే ఉంటుంది. అక్కడి కాగితం మిల్లు పరిశోధకులు 1980ల చివర మొదలుపెట్టిన పని అది. మంచి చెట్లను ఏరి, వాటి కొమ్మల నుంచి ఒకే రకం మొక్కలు తయారుచేశారు. విత్తనపు మొక్కలకన్నా దిగుబడి బాగా పెరిగింది, వేల ఎకరాల్లో రైతులు వేశారు. నల్లమలలో చెంచులు అమ్ముకునే తేనె, బంక వెనుక కూడా ఇలాంటి ప్రశ్నలే ఉన్నాయి.

ఇక దారి సంగతి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ, రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి బీఎస్సీ కోర్సు 2016లో మొదలైంది. ఎంసెట్ బైపీసీ ర్యాంకుతో ప్రవేశాలు జరుగుతూ వచ్చాయి. బయటి రాష్ట్రాల్లో తమిళనాడు మెట్టుపాళయం, కేరళ వెల్లానిక్కర, హిమాచల్‌లోని సోలన్ దగ్గర నౌని పేరున్న చోట్లు. ఐసీఏఆర్ అఖిల భారత కోటా సీట్లకు సీయూఈటీ రాయాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవడం మీ బాధ్యత. పరిశోధన సంస్థల్లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1906 నాటిది, 1991 నుంచి డీమ్డ్ యూనివర్సిటీ. భోపాల్‌లో 1982లో పెట్టిన ఐఐఎఫ్ఎం అటవీ నిర్వహణకే ప్రత్యేకం. హైదరాబాద్ శివార్లలో దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. మేడ్చల్ రోడ్డు వైపు వెళ్లే మనలో ఎంతమందికి తెలుసు?

కష్టాలు దాచి చెబితే అది మోసం అవుతుంది. ఈ దారి పొడవైనది. అన్నీ సక్రమంగా సాగినా పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి 27, 28 ఏళ్లు వస్తాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి. నెట్ రాయాలి. ఎండ, జలగలు, దోమలు, సిగ్నల్ లేని క్యాంపులు తప్పవు. మరోవైపు, జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లలోనే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం 57,700. కోటీశ్వరులు కాకపోవచ్చు, పరువుగా బతకవచ్చు. అకడమిక్ ఉద్యోగం దొరకకపోతే ఐఎఫ్ఎస్, రాష్ట్ర అటవీ సర్వీసులు, కాగితం, కలప కంపెనీలు, అడవి ప్రాంతాల్లో పనిచేసే సంస్థలు ఇదే డిగ్రీని అడుగుతాయి.

"ఆడపిల్లను అడవికి పంపమంటారా?" అని ఒక అమ్మ నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. క్యాంపులకు గుంపుగా, అధ్యాపకులతో, అటవీ సిబ్బందికి తెలియజేసి వెళతారు. వసతి, మరుగుదొడ్ల సంగతి కాలేజీలో చేర్చేముందే నిలదీసి అడగండి. అది తల్లిదండ్రుల హక్కు. అంతేగానీ ఇది మగవాళ్ల చదువు అనుకోకండి. ఐఎఫ్ఎస్‌లోకి 1980లోనే మహిళలు వచ్చారు. ఈరోజు ఫారెస్ట్రీ క్లాసుల్లో అమ్మాయిలు కొత్త కాదు. నిజానికి మా తొమ్మిదో తరగతిలో చెట్ల పేర్లు అందరికన్నా ఎక్కువ తెలిసినది ఒక అమ్మాయికే. మోదుగ, మద్ది, ఇప్ప, తునికి — అన్నీ వాళ్ల తాతగారు నేర్పారట. ఆ తెలివికి మా వీక్లీ టెస్టులో మార్కులు లేవు.

ఇక్కడే మన బడి గురించి కూడా ఒక మాట అనాలి. మనం పిల్లలకు నాలుగు ఆప్షన్ల నుంచి ఒకటి ఎంచుకోవడం, అదీ నిమిషంలోపు, బాగా నేర్పుతున్నాం. పోటీ పరీక్షలకు అది అవసరం, కాదనను. కానీ అడవిలో ఆప్షన్లు రాసి ఉండవు. కేరళ నిలంబూరులో 1840లలో నాటిన టేకు చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నాటించిన కలెక్టర్ కనోలీ, దగ్గరుండి పెంచిన చాతు మేనన్ వాటిని ఈ ఎత్తులో చూడలేదు. ఫలితం తాము చూడకపోయినా పని సరిగ్గా చేయగలిగే ఓపిక ఈ వృత్తికి కావాలి. ఆ ఓపిక ఉన్న పిల్లవాడు మన క్లాసుల్లో తరచుగా "స్లో" అనిపించుకుంటాడు. ఒకే పురుగును అరగంట చూసే పిల్లను "టైమ్ వేస్ట్" అని కసురుకుంటాం. ర్యాంకుల పట్టికలో వెనుక ఉన్న ఈ పిల్లలే కొన్ని పనుల్లో అందరికన్నా ముందుండేవాళ్లు. వాళ్లకు తగిన చదువు ఒకటుందని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి.

మీరు చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. మొక్కలు నాటే రోజున మొక్క నాటి ఫొటో దిగడం అందరం చేస్తాం. ఈసారి ఆ మొక్కకు ఒక నోటుబుక్కు పెట్టించండి. మూడు నెలలకోసారి ఎత్తు, కాండం చుట్టుకొలత, తేదీ. చనిపోతే ఎందుకు చనిపోయిందో కూడా రాయమనండి, ఆ పేజీ చింపనివ్వకండి. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పది చెట్ల తెలుగు పేర్లు, వాటి ఉపయోగాలు రాయించుకు రమ్మనండి. వాటి పక్కన శాస్త్రీయ నామాలు నేను రాయిస్తాను.

ఇంటర్ గ్రూపు ఫారం నింపే ముందు "డాక్టర్ అవుతావా?" అన్నదాని పక్కన ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఏది ఎంతసేపు చూసినా నీకు విసుగు రాదు?" జవాబు ఆసుపత్రి అయితే సంతోషంగా నీట్ రాయించండి. చెట్టు, పిట్ట, వాగు, కొండ అయితే మాత్రం ఆ బిడ్డను మూడేళ్ల లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టే ముందు, ఒక్క ఆదివారం ములుగు కాలేజీకో దూలపల్లికో తీసుకెళ్లి, అక్కడ చదివేవాళ్లతో మాట్లాడించండి.