ఇల్లు – వాకిలి: మండువా వెలుతురు

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ గుడిసెలు కొట్టుకొనిపోయిన పిదప డాబాయే శ్రేయమని జనులు తలంచుట సహజము. తోట్లవల్లూరువంటి కృష్ణయొడ్డు గ్రామములలోను ఇప్పుడు డాబాలే లేచుచున్నవి. కిటికీలకు కొఱత లేదు. అయినను పట్టపగలే దీపములు! వీధి కిటికీ తెఱచినచో లోపలివారు దారినపోవువారికి కనబడుదురు గనుక తెర దింపియే యుంచుదురు.

పెద్దల మండువాలోగిలిలో ఈ చిక్కు లేదు. వెలుతురు ఇంటినడుమ ఆకాశమునుండి దిగును. చుట్టు వసారాలలో ఒకరు బియ్యమేరుచు, ఒకరు బిడ్డకు నూనె అంటుచు ముచ్చటించుకొనవచ్చును. వీధికి ఒక్కరును కనబడరు. పరాయివారికి అరుగు ఉండనే యున్నది. చూరునీరు తూముగుండ వెలికి పోవును. తూము పూడెనా, శ్రావణములో ఇల్లు చెఱువే! క్రీ.శ. 79లో బూడిదలో పూడిన ఇటలీదేశపు పాంపే నగరపు ఇండ్లలోను ఇట్టి నడిమి తెఱపి కలదు.

అయినను ఆ లోగిలిని మేము ఊరక పొగడజాలము. వెలుతురు మండువాది, పొగ వంటయింటిది. క్రొత్తకోడలు పుట్టింటి ఉత్తరము చదువుకొనుటకు చోటేది? కొట్టుగదిలో ఏకాంతమున్నదిగాని అక్షరము కనబడదు.

కావున ఇంటినడుమ నాలుగడుగుల చదరమైనను కప్పు వేయక, చువ్వలు మాత్రము వేయించి విడువుడు. వీధి కిటికీని కంటియెత్తునకు పైన పెట్టింపుడు. వెలుతురు వచ్చును, చూపు రాదు. తలుపు వేసికొని కూర్చుండుటకు వెలుతురుగల గది ఒకటి మీకొఱకు అడుగుడు. ఆడవారికి వేరు గది యేల యన్నచో, అరుగు ఎవరికొఱకో అడుగుడు. శంకుస్థాపననాటికే ఇది తేల్చుకొనవలెను. శ్లాబు పోసిన పిదప మేస్త్రీ వినడు.