ఒడ్డుకు చేరని ఎరువుకు లంక చెల్లించిన మూల్యం

నాసిరకం సరుకుకు ప్రభుత్వాలు డబ్బు చెల్లించిన సందర్భాలు మన ఉపఖండంలో కోకొల్లలు. కాని ఒక్క బస్తా కూడా గడ్డపై దిగని సరుకుకు, అందునా తన అధికారులే ప్రమాదకరమని తిరస్కరించిన సరుకుకు, ఒక ప్రభుత్వం దాదాపు 70 లక్షల డాలర్లు చెల్లించుకోవలసి రావడం అరుదు. 2022 జనవరిలో శ్రీలంకలో జరిగింది అదే. విదేశీ మారక నిల్వలు అడుగంటి, మరో మూడు నెలలకే విదేశీ రుణాల చెల్లింపులను నిలిపివేసిన దేశం అది. అంతటి గడ్డుకాలంలో ఆ సొమ్ము ఎందుకు కట్టవలసి వచ్చిందో పరిశీలిస్తే, కొనుగోలు కాంట్రాక్టును ఒక ఫైలుగా, తెగుళ్ల తనిఖీని మరొక ఫైలుగా నడిపే పద్ధతిలోని లోపం బయటపడుతుంది. ఈ పద్ధతి లంకకు మాత్రమే పరిమితమైనది కాదు.

2019 అధ్యక్ష ఎన్నికల ప్రణాళికలో గొటబాయ రాజపక్స పదేళ్ల కాలంలో దేశాన్ని సేంద్రియ సాగు వైపు మళ్లిస్తామని వాగ్దానం చేశారు. ఆ పదేళ్ల పనిని 2021 మే నెలలో ఒక్క గెజెట్ ప్రకటనతో పూర్తి చేయబూనారు. రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతిని నిషేధించారు. ఆరోగ్యం, పర్యావరణం అని కారణాలు చెప్పినప్పటికీ డాలర్ల కొరత కూడా అందుకు పురికొల్పిందన్నది బహిరంగ రహస్యమే. అయితే దేశమంతటి వరి చేలకు సరిపడా సేంద్రియ ఎరువు స్వదేశంలో దొరకదని కొద్ది నెలలకే తేలిపోయింది. డాలర్లు ఆదా చేయడానికి తెచ్చిన నిషేధం చివరకు డాలర్లు పోసి విదేశాల నుంచి సేంద్రియ ఎరువు కొనే స్థితికి తెచ్చింది.

ఆ విధంగా చైనాకు చెందిన చింగ్‌డావ్ సీవిన్ బయోటెక్ కంపెనీతో లంక ప్రభుత్వరంగ ఎరువుల సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది. మొత్తం 99 వేల టన్నుల సరుకు. చెల్లింపులకు ప్రభుత్వరంగ పీపుల్స్ బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచింది. 2021 సెప్టెంబరులో నమూనాలు జాతీయ సస్య క్వారంటైన్ సంస్థ ముందుకు వచ్చాయి. వ్యవసాయ శాఖ కింద పనిచేసే ఈ సంస్థకు 1999 నాటి సస్యరక్షణ చట్టం అధికారాన్నిస్తుంది. నమూనాలలో అర్వీనియా జాతి బాక్టీరియా కనిపించిందని, సరుకు క్రిమిరహితం కాదని సంస్థ తేల్చింది. ఆలుగడ్డ, క్యారెట్ వంటి పంటలకు కుళ్లుతెగులు కలిగించే రకాలు ఈ జాతిలో ఉన్నాయి. ఒకసారి నేలలో చేరితే దానిని వెనక్కు తీయడం సాధ్యం కాదు కనుక అధికారులు అనుమతి నిరాకరించారు. అయినప్పటికీ 20 వేల టన్నుల సరుకుతో 'హిప్పో స్పిరిట్' అనే ఓడ లంక వైపు సాగింది.

కంపెనీ ఊరుకోలేదు. పరీక్షలు శాస్త్రీయంగా జరగలేదని, అంత తక్కువ వ్యవధిలో ఆ బాక్టీరియాను నిర్ధారించడం సాధ్యం కాదని వాదించింది. మూడో పక్షం ప్రయోగశాలలో తిరిగి పరీక్షించాలని కోరింది. ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేయనవసరం లేదు. క్వారంటైన్ ఆంక్షలకు శాస్త్రీయ ఆధారం ఉండాలని 1995 నుంచి అమలులో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమే చెబుతున్నది. అయితే నమూనా తప్పితే తిరిగి పరీక్ష ఎక్కడ జరగాలి, ఎవరి మాట చెల్లాలి అన్న ప్రశ్నలకు కాంట్రాక్టుపై సంతకాలు చేసేనాడే సమాధానం ఉండి ఉంటే, ఓడ సముద్రంలో ఉండగా ఈ వాదులాట జరిగేది కాదు.

2021 అక్టోబరులో కొలంబో వాణిజ్య హైకోర్టు చెల్లింపును నిలుపుదల చేస్తూ ఇంజంక్షన్ ఉత్తర్వు ఇచ్చింది. బ్యాంకు డబ్బు కట్టలేదు. నెలాఖరున చైనా రాయబార కార్యాలయపు వాణిజ్య విభాగం పీపుల్స్ బ్యాంకును బ్లాక్‌లిస్టులో పెట్టినట్లు ప్రకటించింది. ఒక ప్రైవేటు కంపెనీ బకాయి వ్యవహారం కాస్తా రెండు ప్రభుత్వాల మధ్య తగాదాగా మారింది. చైనాకు లంక ఎంతగా రుణపడి ఉందో తెలిసినవారికి ఈ తగాదాలో ఎవరు తగ్గవలసి వచ్చిందో వేరుగా చెప్పనవసరం లేదు. 2022 జనవరిలో రాజీ కుదిరింది. కోర్టు ఉత్తర్వు తొలగింది. సొమ్ము చెల్లింది.

ఇక్కడ లెటర్ ఆఫ్ క్రెడిట్ అనేది ఏ విధంగా పనిచేస్తుందో కొంత వివరంగా చెప్పుకోవాలి. అసలు మెలిక అక్కడే ఉంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఇచ్చిన బ్యాంకు సరుకును చూడదు, కాగితాలను మాత్రమే చూస్తుంది. ఓడలో ఎక్కించినట్లు బిల్లు, ఇన్‌వాయిసు, పేర్కొన్న ధ్రువపత్రాలు సక్రమంగా ఉంటే డబ్బు చెల్లించక తప్పదు. సరుకు మంచిదా చెడ్డదా అన్నది కొన్నవాడికి, అమ్మినవాడికి మధ్య తేలవలసిన విషయం. ప్రపంచ వ్యాపారమంతా ఈ సూత్రంపైనే నడుస్తున్నది. అందువల్ల కొనుగోలుదారు తన రక్షణను బ్యాంకు కోరే కాగితాల జాబితాలోనే పెట్టుకోవాలి. క్వారంటైన్ సంస్థ అనుమతి పత్రం కూడా జతపరిస్తేనే చెల్లింపు అన్న ఒక్క వాక్యం అందులో ఉంటే తనిఖీ అధికారి సంతకానికి బ్యాంకు వద్ద విలువ ఉంటుంది. లేకుంటే ఆ అధికారి ఎన్ని నివేదికలు రాసినా చెల్లింపును ఆపే శక్తి వాటికి ఉండదు. లంకలో ఆ పని కోర్టు చేయవలసి వచ్చిందంటే పరిస్థితి ఏ దశకు చేరిందో అర్థమవుతున్నది. కోర్టు కూడా దానిని తాత్కాలికంగానే ఆపగలిగింది.

అంతకంటె ఆందోళన కలిగించే విషయం మరొకటి ఉంది. నమూనాలను తిరస్కరించినందుకు 80 లక్షల డాలర్ల నష్టపరిహారం ఇవ్వాలని కంపెనీ క్వారంటైన్ సంస్థలోని ఉన్నతాధికారికి నోటీసు పంపింది. ప్రభుత్వానికి కాదు, అధికారికి. నెలజీతంపై బతికే ఒక శాస్త్రవేత్త తన వృత్తి ధర్మం ప్రకారం ఇచ్చిన నివేదికకు కోట్ల రూపాయల దావాను ఎదుర్కోవలసి వస్తే, తర్వాతి ఓడ వచ్చినప్పుడు మరో అధికారి కలం ఎంత ధైర్యంగా కదులుతుంది? ఆనాడు నివేదికను మార్చకుండా నిలబడిన అధికారులను ప్రశంసించవలసిందే. అయితే వారి ధైర్యానికి కాంట్రాక్టులో ఆసరా లేకపోయింది.

లంకలో ప్రభుత్వం కొనుగోలుదారు, తనిఖీదారు మాత్రమే కాదు, భూస్వామి కూడా. దేశంలోని భూమిలో అత్యధిక భాగం ప్రభుత్వానిదే. జాతీయం చేసిన తేయాకు తోటలను 1992లో ప్రైవేటు కంపెనీల నిర్వహణకు అప్పగించి, తదుపరి 53 ఏళ్ల కౌలుకు ఇచ్చారు. వరి పండించే ఉత్తర మధ్య మెట్ట ప్రాంతాలలోని సెటిలర్లు కూడా 1935 నాటి భూమి అభివృద్ధి శాసనం కింద ప్రభుత్వ పర్మిట్లపై సాగు చేస్తున్నవారే. అంటే ఇద్దరూ ప్రభుత్వ భూమిపై ఉన్నవారే. కాని ఎరువుల నిషేధానికి 2021 అక్టోబరులో తొలి సడలింపు లభించింది తేయాకుకే. దీర్ఘకాలిక కౌలుపత్రం, డాలర్లు తెచ్చే ఎగుమతి, సంఘటితమైన యాజమాన్య సంఘం ఉన్నవారి మాట ముందుగా వినిపించింది. వరి రైతుకు నవంబరు 24 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి 'మహా' పంటకాలం మొదలైంది. అదే నెల ఆరంభంలో భారత వాయుసేన విమానాలు 100 టన్నుల నానో యూరియా ద్రావణాన్ని కొలంబోకు చేర్చాయి. అది అత్యవసర సహాయమే తప్ప దేశం మొత్తానికి సరిపోయేది కాదు.

ఫలితం గణాంకాలలో కనిపించింది. 2021లో సుమారు 51 లక్షల టన్నులున్న ధాన్యం దిగుబడి 2022లో దాదాపు 34 లక్షల టన్నులకు పడిపోయింది. వరి రైతులకు 4 వేల కోట్ల లంక రూపాయల పరిహారం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది 2022 జనవరిలోనే. చైనా కంపెనీకి డబ్బు చెల్లించిందీ ఆ నెలలోనే. జూలైలో గొటబాయ దేశం విడిచి పోవడం విదితమే.

ఇదంతా పొరుగువారి అవివేకమని మనం సరిపెట్టుకోవడానికి వీలు లేదు. మన దేశంలో సస్య క్వారంటైన్‌కు మూలాధారం నేటికీ 1914 నాటి విధ్వంసక కీటకాల, తెగుళ్ల చట్టమే. దాని కింద 2003లో జారీ చేసిన ఉత్తర్వు ఆధారంగా దిగుమతుల తనిఖీ జరుగుతున్నది. పంటలు, పశువులు రెండింటి జీవభద్రతకూ ఒక స్వతంత్ర ప్రాధికార సంస్థను ఏర్పరచాలన్న బిల్లును 2013లో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది సభ రద్దుతో అది మురిగిపోయింది.

అవసరం ముంచుకొచ్చినప్పుడు మన నిబంధనలు ఎలా వంగుతాయో 2006లో చూశాం. గోధుమ నిల్వలు తగ్గడంతో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా కేంద్రం భారీగా దిగుమతులకు దిగింది. కొనే సంస్థ వాణిజ్య శాఖది, నిల్వల ఆతురత ఆహార శాఖది, తనిఖీ బాధ్యత వ్యవసాయ శాఖది. టెండర్లకు స్పందన రావాలంటే కలుపు విత్తనాల పరిమితిని సడలించక తప్పలేదు. కెనడా నుంచి వచ్చే పప్పుధాన్యాల కథ మరింత ఆసక్తికరం. ఎగుమతి చేసే రేవులోనే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టాలన్న నిబంధనకు 2004 నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. పప్పుల కొరత ఉన్నన్నాళ్లు అది సాఫీగా సాగింది. స్వదేశీ పంట దండిగా వచ్చి ధరలు పడిపోయిన 2017లో క్వారంటైన్ నిబంధనలకు హఠాత్తుగా ప్రాణం వచ్చింది. ఆ నవంబరులోనే బఠానీలపై 50 శాతం సుంకం విధించారు. కెనడా పురుగులు ధరలను బట్టి ప్రమాదకరంగా మారవు కదా!

మన పొలంగట్లపై పెరిగే వయ్యారిభామను ఎరుగని రైతు లేడు. 1950 దశకంలో పుణె ప్రాంతంలో దానిని గుర్తించారు. అమెరికా గోధుమలతో వచ్చిందన్న మాట ప్రచారంలో ఉన్నది. అంతకుముందే దేశంలో దాని నమూనాలు ఉన్నాయని చెప్పే వృక్షశాస్త్రజ్ఞులూ లేకపోలేదు. ఏ దారిన వచ్చినా దానిని పీకుతున్నది, చర్మవ్యాధులు తెచ్చుకుంటున్నది పొలంలో కూలికి వచ్చిన స్త్రీలే. 2018లో కర్ణాటకలో బయటపడిన కత్తెర పురుగు స్వల్పకాలంలోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న చేలను ముట్టడించింది. దాని నివారణ మందుల ఖర్చు రైతు ఖాతాలోనే పడింది.

2013 బిల్లును తిరిగి తలకెత్తుకునే ఆలోచన కేంద్రానికి ఉంటే, ప్రాధికార సంస్థ చైర్మన్ పదవి ఎవరికన్న చర్చ కంటె ముందు రెండు అంశాలను అందులో చేర్చాలి. ప్రభుత్వ సంస్థలు చేసే ప్రతి వ్యవసాయ దిగుమతి ఒప్పందంలోను క్వారంటైన్ అనుమతి పత్రం లేనిదే బ్యాంకు చెల్లింపు జరగరాదన్న నిబంధన తప్పనిసరి కావాలి. సద్బుద్ధితో నివేదిక ఇచ్చిన తనిఖీ అధికారిపై వేసే దావాను ప్రభుత్వమే తన దావాగా స్వీకరించాలి.