వరద నీళ్ళలో తడిసిన బూట్లకి రంగుల ముచ్చట

బడికెళ్ళే పిల్లలున్న ఇంట్లో తెల్ల కేన్వాసు బూట్ల బాధ తెలియని తల్లి ఉండదు. శనివారం వస్తే తెల్ల యూనిఫారం, తెల్ల బూట్లు. శుక్రవారం రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మనకి అదో పని. బ్రష్షు పెట్టి తోమాలి, తెల్ల పాలిష్ పుయ్యాలి, తెల్లారేసరికి ఆరతాయో లేదో అని ఫ్యాను కింద పెట్టాలి. ఇంతా చేసినా ఆర్నెల్లు తిరిగేసరికి అవి మట్టిరంగుకి తిరుగుతాయి. గుడ్డ గట్టిగానే ఉంటుంది, అడుగు అరగదు, కానీ పిల్లలు తొడుక్కోమంటారు. అలాంటి జత మీ ఇంట్లో ఏ మంచం కిందో ఒకటి ఉండే ఉంటుంది. దానికి టై అండ్ డై పద్ధతిలో రంగులు వేసుకోవడం ఎలాగో ఈ వారం చెబుతాను. నేను ముందు పాడుచేసి, తర్వాత నేర్చుకున్నదాన్ని. అంచేత నా తప్పులతో సహా చెబుతాను, మీరు ఆ తప్పులు చెయ్యకుండా ఉంటారని.

2022 జులైలో గోదారికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు రావడం అదే. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన కిందికి వదిలారు. మా చెల్లెలిది కోనసీమలో ఒక లంక ఊరు. ఇంట్లోకి మోకాలిలోతు నీళ్ళు రాగానే పిల్లని తీసుకుని, పడవెక్కి గట్టున పడి, రాజమండ్రిలో మా ఇంటికి వచ్చేసింది. మా మరిది గారు అప్పటికి కువైట్ వెళ్ళి నాలుగు నెలలే అయింది.

నీరు తీశాక వెళ్ళి చూస్తే ఇంటినిండా ఒండ్రు. పరుపులు, పుస్తకాలు, బియ్యం అన్నీ పోయాయి. బాగుచేసుకోగలిగినవి రెండు సంచుల్లో వేసుకుని తెచ్చుకున్నారు. అందులో పిల్ల కేన్వాసు బూట్లు కూడా ఉన్నాయి. తెల్లవని చెబితే తప్ప తెలియదు, ఇటుకపొడిలో ముంచినట్టున్నాయి. నేను వాటిని చెత్తబుట్టలో వేశాను. సాయంత్రం చూద్దును కదా, కడిగి పిట్టగోడ మీద ఆరబెట్టి ఉన్నాయి.

“ఊరుకో అక్కా, వాళ్ళ నాన్న వెళ్ళేముందు రోజు కొన్నవి. పారెయ్యనివ్వదు,” అంది మా చెల్లెలు.

సరే, తెల్లగా చేద్దామని మొదలెట్టాను. బ్లీచింగ్ వేశాను. గోదారి ఒండ్రులో ఉండే ఎర్రదనం ఇనుముది. దానికి బ్లీచింగ్ పనిచెయ్యదని నాకప్పుడు తెలియదు. మరక పోలేదు సరికదా, రబ్బరు అంచు పసుపెక్కింది. ఇంక రంగు వేసేద్దామని, ఇంట్లో ఉన్నదే కదా అని పసుపు మరిగించి, చల్లార్చి పట్టించాను. చామంతి పువ్వులా వచ్చాయి. పిల్ల మురిసిపోయింది. రెండ్రోజులు ఎండలో తిరిగేసరికి పైభాగం వెలిసిపోయింది. మాసిందని తనే సబ్బుపెట్టి ఉతికింది. అంతే, ఎక్కడికక్కడ ఎర్రటి మచ్చలు! పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మనందరికీ తెలుసు. సబ్బులో, సోడాలో ఉన్న కారానికి కూడా పసుపు అలాగే ఎర్రబడుతుందని ఆ క్షణాన తట్టలేదు.

“బూట్లకి పసుపు పారాణీ ఏమిటే, పేరంటమా?” అన్నారు మా వారు. నాకు నవ్వొచ్చింది గానీ పిల్ల నవ్వలేదు. “దొడ్డమ్మా, మట్టితోనే ఉండనివ్వాల్సింది. ఉన్నవి కూడా పాడుచేశావు,” అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇల్లు మునిగిన నాడు ఏడవని పిల్ల. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

మర్నాడు రంగులమ్మే కొట్టుకి వెళ్ళి సంగతంతా చెప్పాను. అసలు విషయం అక్కడ తెలిసింది. రంగు గుడ్డకి అంటడం వేరు, పట్టడం వేరు. పసుపు ఊరికే అంటుకుంటుంది. నూలుగుడ్డకి గట్టిగా పట్టే రంగుల్ని రియాక్టివ్ రంగులంటారు. ఇంగ్లండులో ఐసిఐ కంపెనీ 1956లో ప్రోషియన్ అనే పేరుతో ఈ రకాన్ని మొదట బజారులోకి తెచ్చింది. ఇవి నూలుపోగుతోనే రసాయనికంగా కలిసిపోతాయి. పొయ్యి మీద మరిగించక్కర్లేని చల్లనీళ్ళ రకం మన పనికి బాగుంటుంది. మరిగే నీళ్ళు పోస్తే బూటు అడుగు జిగురు వదిలేస్తుంది కదా! కొట్లో “కాటన్‌కి వేసే చల్లనీళ్ళ రియాక్టివ్ రంగు” అని అడగండి.

ముందు మీ బూట్లు అసలు నూలువేనా అని చూసుకోండి. లోపలివైపు చిరుగు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని మంట చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. పాలిస్టరుకి ఈ రంగు పట్టదు. కుట్టుదారం, లేసులు చాలావాటికి పాలిస్టరువే ఉంటాయి. అవి తెల్లగా మిగిలిపోతే కంగారు పడకండి, చూడ్డానికి అదీ బాగానే ఉంటుంది.

కావలసినవి: నూలు కేన్వాసు బూట్లు ఒక జత, రెండు మూడు రియాక్టివ్ రంగులు (పసుపుపచ్చ, ఎరుపు, నీలం ఉంటే చాలు), సోడా యాష్ పావు కప్పు, రబ్బరు బ్యాండ్లు, గట్టిదారం, గుప్పెడు శనగలు, ఇంకు ఫిల్లర్లు, అతికించే టేపు, వాజలీను, రబ్బరు గ్లవుజులు, ప్లాస్టిక్ కవర్లు.

సోడా దగ్గర పొరపాటు పడకండి. వంటసోడా దీనికి చాలదు. కాస్టిక్ సోడా ప్రమాదం, దాని జోలికి పోవద్దు. పొడిగా ఉండే సోడా యాష్ మంచిది. స్ఫటికాల్లా ఉండే బట్టల సోడాలో నీరు కూడా ఉంటుంది, అంచేత అది రెండున్నర రెట్లు తీసుకోవాలి.

చేసే విధానం: లేసులు తీసేసి, బూట్లని గోరువెచ్చటి సబ్బునీళ్ళతో బాగా తోమండి. కొత్తవైనా సరే ఉతకాల్సిందే, వాటిలో గంజి ఉంటుంది. తెల్ల పాలిష్ ఉంటే ఆసాంతం పోవాలి. బ్లీచింగ్ వేసి ఉంటే వాసన పోయేదాకా జాడించండి, లేకపోతే రంగుని తినేస్తుంది. మా పసుపు బూట్లని నాలుగు రోజులు ఎండలో పెట్టి ఉతికేసరికి పసుపు చాలావరకు పోయింది. మట్టి మరక మాత్రం అలాగే ఉంది.

తర్వాత రబ్బరు అంచు చుట్టూ టేపు అంటించండి. టేపు అంటని చోట వాజలీను పుయ్యండి, గుడ్డకి మాత్రం తగలనివ్వకండి. వాజలీను ఉన్నచోట రంగెక్కదు.

ఇప్పుడు కట్టడం. చీరనో దుప్పటినో మెలిపెట్టినట్టు బూటుని మెలిపెట్టలేం. లోపల చెయ్యి పెట్టి శనగగింజని గుడ్డకి ఆనించి, పైనుంచి మూడు వేళ్ళతో పట్టి, మొదట్లో దారం బిగించి చుట్టాలి. బాంధనీ చీరలకి గింజలు పెట్టి కట్టడం కూడా ఇలాంటిదే. పక్కలా, నాలుకా ఇలా కట్టడానికి వీలుగా ఉంటాయి. మునివేళ్ళ దగ్గర గుడ్డ బిరుసుగా ఉంటుంది, అక్కడ ఫిల్లరుతో చుక్కలు వేసుకోవడమే. దారం ఎంత బిగిస్తే తెల్ల చుక్క అంత బాగా నిలుస్తుంది.

కట్టాక, లీటరు నీళ్ళలో పావు కప్పు సోడా కరిగించి, గ్లవుజులు వేసుకుని, స్పాంజితో గుడ్డ అంతా రెండు మూడుసార్లు తడపండి. పావుగంట ఆగి, కారే తడిని పాతగుడ్డతో అద్దేయండి. బూట్లు చెమ్మగా ఉండాలి, నీళ్ళు కారకూడదు.

ఒక్కో రంగు రెండు టీస్పూన్లు పావులీటరు మామూలు నీళ్ళలో కలుపుకోండి. పొడి గాలికి లేస్తుంది, పీల్చకూడదు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఫ్యాను ఆపి కలపండి. పిల్లల్ని ఆ కాసేపూ దూరంగా ఉంచండి. సోడాని రంగు సీసాలో ఎప్పుడూ కలపకండి, కాసేపట్లో రంగు చచ్చిపోతుంది. ముందు లేత రంగు, తర్వాత ముదురు రంగు వెయ్యండి. రంగుకీ రంగుకీ మధ్య వేలెడు ఖాళీ వదలండి, అదే పాకి కలుసుకుంటుంది. మూడూ ఒకచోట కలిస్తే బురదరంగు వస్తుంది, జాగ్రత్త.

మరకలున్న బూట్లయితే ఒక్క మాట. ఈ రంగులు పెయింటులా పైన కప్పవు, అద్దంలా లోపలిది కనపడనిస్తాయి. అంచేత మట్టి మరక మీద నీలమో ఆకుపచ్చో వేస్తే మురికిగా ఉంటుంది. మేం మరక ఎక్కువున్నచోట ఎరుపూ పసుపూ కలిపి కుంకుమపువ్వు రంగు వేశాం. తక్కువున్న మడమల దగ్గర నీలం వేశాం. ఈసారి ఎక్కడ ఏ రంగు వెయ్యాలో పిల్లే చెప్పింది. నేను ఫిల్లరు పట్టుకుని తను చెప్పినచోట చుక్క పెట్టాను.

రంగు వేశాక ఒక్కో బూటునీ ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒక రోజు పూర్తిగా కదపకుండా ఉంచండి. తడి ఆరిపోతే రంగు పట్టడం ఆగిపోతుంది. మన గోదావరి జిల్లాల ఉక్కకి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. చలికాలంలో చేస్తే ఇంకో పూట ఎక్కువ ఉంచండి.

మర్నాడు దారాలు విప్పకుండానే చన్నీళ్ళలో జాడించండి. రంగు నీళ్ళు ధారగా పోతాయి. గుండె గుభేలుమంటుంది, కానీ ఫర్వాలేదు. వేసిన రంగంతా పోగుకి పట్టదు, కొంత నీళ్ళతోనే కలిసిపోతుంది. ఆ పట్టనిది పోతోందన్నమాట. నీళ్ళు కాస్త తేటపడ్డాక దారాలు విప్పి, సబ్బుతో ఉతికి, మళ్ళీ తేటనీరు వచ్చేదాకా జాడించి నీడన ఆరబెట్టండి. మొదటి నాలుగుసార్లు తెల్ల సాక్సు వెయ్యకండి.

మా పిల్ల దారాలు విప్పుతుంటే నేను చూళ్ళేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి తనే పట్టుకొచ్చింది. రంగులు బాగానే పట్టాయి గానీ దాని మొహం వికసించలేదు. “చుక్కలు గుండ్రంగా రాలేదు దొడ్డమ్మా, అంచులన్నీ పాకాయి,” అంది. అప్పుడు నా పోచంపల్లి చీర తీసి మంచం మీద పరిచాను. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్ళు నూలుని ముందే లెక్కప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. అక్కడ దాన్ని చిటికీ అంటారు. మన చీరాల తేలియా రుమాళ్ళదీ ఆ కోవే, నూలుకి నూనె, ఆముదపు కాయల బూడిద పట్టించి మరీ చేసేవారు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత నేర్పరులు చేసినదాంట్లోనూ బొమ్మ అంచు దగ్గర రంగు సన్నగా పాకే ఉంటుంది. కట్టు కిందికి రంగు కొంచెం దూరక మానదు, కట్టి వేసిన రంగని తెలిసేదే దానివల్ల. పిల్ల చీర అంచు వేలితో తడిమి చూసింది. ఇంకేం మాట్లాడకుండా లేసులు ఎక్కించుకుంది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో వాళ్ళ నాన్నకి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, “కొత్తవి బాగున్నాయిరా, పాతవి నీళ్ళలో పోయాయా?” అన్నారు. “అవే నాన్నా ఇవి,” అంది. అటునుంచి కాసేపు మాట లేదు. మా చెల్లెలు ఫోను తీసుకుని ఇవతలికి వచ్చేసింది.

బడికి మాత్రం వేరే తెల్ల జత కొనాల్సొచ్చింది, యూనిఫారానికి రంగువి పనికిరావు. ఇవి ట్యూషనుకీ, తీర్థాలకీ రెండేళ్ళు తొడిగింది. నీలం కాస్త వెలిసింది, కుంకుమపువ్వు రంగు అలాగే ఉంది. ఇప్పుడు కాలికి పట్టవు. ఎవరికీ ఇవ్వనివ్వదు.

మరికొన్ని జాగ్రత్తలు:

* రంగు కలిపిన గిన్నె, చెంచా మళ్ళీ వంటకి వాడకండి.
* రంగు నీళ్ళు చెరువులోనో, నూతి దగ్గరో పారబొయ్యకండి. కాలవ మీద బట్టలుతికేవాళ్ళ ఎగువన అసలే వద్దు.
* బూట్ల లోపల పేపరు కుక్కితే అచ్చుసిరా అంటుకుంటుంది. పాతగుడ్డలు కుక్కండి.
* మొదటిసారి చేసేవాళ్ళు బూట్ల కంటే ముందు పాత నూలు చేతిరుమాలు మీద రంగు చూసుకోండి. నేను ఆ పని చేసి ఉంటే పసుపు గొడవ వచ్చేదే కాదు.

ఈ సెలవుల్లో మీరూ చేసి చూస్తారు కదూ! రంగులు మాత్రం ఎవరి బూట్లయితే వాళ్ళనే ఎంచుకోనివ్వండి.